అక్క ఫోటో, చదరపు ఫ్రేము

పొద్దుటి నుంచీ తుంపర. ఉప్పల్‌లో పనికి పోతుంటే, ఎవరిదో ముఖాన్ని అడ్డంగా సాగదీసిన ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. అది చూశాకే మీకిది రాస్తున్నాను.

నాచారం బడి మిత్రులారా, ఏడో తరగతిలో నిష్పత్తి, అనుపాతం ఒకటే అనుకునేవాళ్లం, గుర్తుందా? నాకు ఆ తేడా ఇంట్లో తెలిసింది.

జ్వరంతో పోయిన మా అక్కకు ఉన్నది ఒక్కటే ఫోటో, పదో తరగతి పరీక్షకు తీయించుకున్న పాస్‌పోర్టు సైజుది. అమ్మ ఇంట్లోని చదరపు ఫ్రేము స్టూడియోలో ఇచ్చి, దానికి సరిపడా ఆ ఫోటోను పెద్దది చేయించింది. తీరా చూసి, "గీమె ఎవలు అన్నా? నా బిడ్డ మొహం గింత ఎడల్పు లేకుండె," అంది.

"ఫ్రేము నిండాలంటే జర గుంజాలె గదమ్మా," అన్నాడు స్టూడియో ఆయన.

నేను స్కేలు పెట్టి కొలిచాను. చిన్న ఫోటోలో వెడల్పు మూడైతే ఎత్తు నాలుగు. అది నిష్పత్తి. పెద్ద ఫోటోలోనూ అదే మూడుకు నాలుగు ఉంటే, రెండు ఫోటోలూ అనుపాతంలో ఉన్నట్టు. అప్పుడే అది అక్క.

మళ్లీ చేయించాం. అక్క అక్కలాగే వచ్చింది. ఫ్రేములో రెండు పక్కలా ఖాళీ మిగిలింది.

"రంగు కాగితం అతికియ్యాల్నా అమ్మా?" అన్నాను.

"వద్దు. గట్లనే ఉండనియ్యి."

అక్క పోయింది మన ఏడో తరగతి దసరా సెలవుల్లో, ఆదివారం పొద్దున. బడి లేదు, అందుకే మీకెవరికీ తెలియలేదు.