బతికున్న నాయిన కథ చిక్కడపల్లిలో చెల్లదట

నవీన్ ఫోన్ చేసి అడిగింది ఒక్క కండె నూలు మాత్రమే. మనిషిని కూడా తీసుకెళ్లాలనుకున్నది నేను. జనగామ దగ్గరి మా ఊళ్లో వాళ్లిల్లు, మా ఇల్లు ఎదురెదురు. వాడు గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు చిక్కడపల్లిలో మ్యాజిక్ క్లాసుకు పోతున్నాడు. క్లాసు ముగింపుకు ఒక ప్రదర్శన పెట్టారు. అందులో ఎవరు బాగా చేస్తే వాళ్లను మాస్టరు తన బృందంలోకి తీసుకుంటాడు. బడుల్లో, ఫంక్షన్లలో షోలు దొరికితే వాడు ఇంకో ఏడాది నగరంలో నిలబడి చదువుకోగలడు. ప్రదర్శన నియమం ఒక్కటే: గారడీలో సొంత జీవితం ఉండాలి, నిజమైన బాధ, నిజమైన ప్రేమ ఉండాలి. అది వినగానే నేను ఎగిరి గంతేశాను. మ్యాజిక్ అంటే నాకూ పిచ్చే. బాబాల మహిమల గుట్టు విప్పే చిన్న చిన్న పుస్తకాలు సంతలో కొని చదివి, వాడికి మొదటి ట్రిక్కు నేర్పింది నేనే.

వాడి కథ నాకు తెలుసు. వాళ్ల నాయిన యాదగిరి మామ మగ్గం నేసేవాడు. పోగు తెగితే వేళ్లు తడి చేసుకుని రెండు కొసలూ కలిపి మెలితిప్పేవాడు, అతుకు ఎక్కడుందో కనబడేది కాదు. చిన్నప్పుడు నవీన్‌కు అదే మొదటి మాయ. అందుకే తెగిన దారాన్ని మళ్లీ ఒక్కటి చేసే ట్రిక్కు ఎంచుకున్నాడు. మగ్గం మూలకు పడి చాలా కాలమైంది, మామ ఇప్పుడు జనగామలో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతున్నాడు. ఇంత మంచి కథకు ఆ మనిషే ఎదురుగా కూర్చుంటే ఎంత బాగుంటుంది? నవీన్‌కు చెప్పకుండా మామను బయల్దేరదీశాను. ఆయన కండెను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మీరూ ఆ వైపు నుంచి వస్తే పొద్దున రైలే మేలు. జనగామ నుంచి సికింద్రాబాద్‌కు గంటన్నర, జనరల్ టికెట్ యాభై రూపాయల లోపే. స్టేషన్ బయటికి వచ్చి మెట్రో సికింద్రాబాద్ వెస్ట్‌లో ఎక్కండి, చిక్కడపల్లిలో దిగండి. అక్కడి నుంచి అశోక్ నగర్ నడక దూరమే. మెట్రోలో మామ కిటికీకి అతుక్కుపోయి, "ఇంత పైనుంచి పోతున్నం, కింద మిద్దెల మీద ఆరేసినయన్ని మిల్లు బట్టలే" అన్నాడు.

అశోక్ నగర్ గల్లీల్లో కోచింగ్ బోర్డులు ఆకాశాన్ని కప్పేస్తాయి. ప్రతి బోర్డు మీదా నెగ్గినవాళ్ల ఫొటోలే, నెగ్గనివాళ్లు కింద మెస్సుల ముందు వరుసలో ఉంటారు. మేం తిన్న మెస్సులో కడుపునిండా భోజనం ఎనభై రూపాయలు. వడ్డించే అక్క మామ పళ్లెం చూసి, "ఏంది పెద్దాయన, సిగ్గువడుతున్నవా? పైసలిచ్చినవ్ గదా, తిను" అని ఇంకో గరిటె పప్పు వేసింది. ఆయన్ను అక్కడే కూర్చోబెట్టి, కండె తీసుకుని నేనొక్కణ్నే ప్రదర్శన జరిగే హాలుకు పోయాను. మామ వచ్చిన సంగతి అప్పుడే బయటపడకూడదు కదా.

మెయిన్ రోడ్డుకు పక్క గల్లీలో, మెట్లెక్కి పోయే పై అంతస్తు హాలు. లోపల రిహార్సల్ నడుస్తోంది. నల్లకోటు మాస్టరు నవీన్ భుజం మీద చెయ్యేసి నచ్చజెబుతున్నాడు.

"తమ్మీ, నీ చేతులు బంగారం. కథనే సప్పగుంది. మగ్గం బంద్ అయింది, నాయిన దుకాణంల పని చేస్తుండు. అయితే ఏంది? బతికున్న నాయినకు ఎవరు ఏడుస్తరు?"

"మరి ఏం జెప్పాలె సార్?"

"పోయిండని చెప్పు. పోగు తెగింది, పానం పోయింది. ఆడ ఒక్క నిమిషం ఆగు. హాలు మొత్తం నీదే."

నాకు ఒళ్లు మండిపోయింది. "సార్, సొంత కథ చెప్పుమన్నది మీరే గదా. అబద్ధం సొంత కథ ఎట్లయితది?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "నువ్వెవరు బాబూ? పావురం టోపీలకెళ్లి వస్తదా? అదీ అబద్ధమే గదా. ఇదీ ట్రిక్కే."

అది ట్రిక్కు కాదు. నేను చదివిన చిట్టి పుస్తకాలన్నీ ఒకే మాట చెప్పాయి: మెజీషియన్ 'నీ కళ్లను మోసం చేస్తా' అని ముందే చెప్పి చేస్తాడు, అందుకే అతను నిజాయితీపరుడు. నమ్మమని చేతులు జోడించి మోసం చేసేవాడు బాబా. ఈ నల్లకోటు పెద్దమనిషి నా స్నేహితుణ్ని ఒక గీత దాటిస్తున్నాడు, దానికి 'భావోద్వేగం' అని పేరు పెట్టి ఫీజు కూడా వసూలు చేస్తున్నాడు. ఇదే గట్టిగా అరిచి చెబితే నన్ను బయటికి పొమ్మన్నారు. నవీన్ మెట్ల దాకా వచ్చి, "నువ్వు ఊకో రా. నేనట్ల చెప్పను" అన్నాడు. నమ్మాను.

నాలుగింటికి షో. రెండు టికెట్లు కొని మామను మూడో వరుసలో కూర్చోబెట్టాను. వేదిక మీది దీపాలు కళ్లల్లో కొట్టడంతో పైనున్నవాళ్లకు కింద ఎవరూ కనబడరు. నవీన్ వచ్చి కండె చూపించాడు, పోగు లాగాడు, నాయిన వేళ్ల గురించి చెప్పాడు. అంత వరకూ ప్రతి మాటా నిజం, హాలు కదలకుండా వింది. ఆ తర్వాత పోగును ముక్కలు ముక్కలు చేసి, "ఆ చేతులు ఇప్పుడు లెవ్వు. మా నాయిన పోయి ఏడాదైంది" అన్నాడు. ఒక్క నిమిషం ఆగాడు కూడా.

నేను మామ వైపు చూడలేకపోయాను. ముందు వరుసలో ఒక ఆంటీ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఈ కొస పట్టుకునేటందుకు ఒక పెద్దమనిషి కావాలె" అని నవీన్ పిలిచాడు. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాడు. నా పక్క కుర్చీ కిర్రుమంది. మామ లేచి, బయటికి పోతున్నాడేమో అనుకుంటుండగా, నేరుగా వేదికెక్కాడు.

నవీన్ మొహం నేను మరిచిపోలేను. ఇట్లా వచ్చినవాళ్ల పేరు అడగడం ఆనవాయితీ, వాడు అడగలేదు. పక్కనుంచి మాస్టరే మైకులో అడిగాడు. "పెద్దాయనా, మీ పేరు?"

మామ కొడుకు వైపు ఒకసారి చూశాడు. "మల్లయ్య" అన్నాడు.

"ఏ ఊరు?"

"దూరమే."

కొందరు నవ్వారు. మామ కొస పట్టుకుని నిలబడ్డాడు. తన చావు కథ సాఫీగా నడవాలని తన పేరు కూడా వదిలేసుకున్న మనిషి. నేను అరవడానికే లేచాను. అంతలో నవీన్ గొంతు వినబడింది.

"మల్లయ్య కాదు. యాదగిరి. ఈయనే మా నాయిన. సావలే. నేనే అబద్ధం చెప్పిన."

కొందరు ఇది కూడా ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. కళ్లు తుడుచుకున్న ఆంటీ లేచింది. "బతికే ఉన్నడా? మరి మమ్మల్నెందుకు ఏడిపించినవ్ బాబూ? మా ఆయన పోయి ఆరు నెల్లాయె. తమాషనా ఇది?"

"తప్పయింది అమ్మా" అన్నాడు నవీన్. ఆ రోజు ఆ హాల్లో నాకంటే న్యాయమైన కోపం ఆమెదే. మాస్టరు మాత్రం టైమైపోయిందని చెయ్యి ఊపుతున్నాడు. నవీన్ ఇంకేం కథ చెప్పకుండా వేళ్లు తడి చేసుకుని, ముక్కలను ఉండ చేసి లాగాడు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతి దాకా పోగు ఒక్కటిగా వచ్చింది. చప్పట్లు పలచగా మోగాయి. బృందంలో చోటు ఇంకెవరికో వచ్చింది. ఆ విజేత చెప్పిన చెల్లెలి కథలో నిజమెంతో అడిగే దిక్కు లేదు.

చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు నడిచాం. ఫ్లైఓవర్ దగ్గర ఇరానీ హోటల్లో మూడు చాయ్‌లు చెప్పాం. నవీన్ తల దించుకునే ఉన్నాడు.

"ఎందుకు లేచినవ్ నాయినా?" అన్నాడు చివరికి.

"రెండుసార్లు పిలిస్తివి. ఎవ్వరు లేస్తలేరు. ఆట ఆగిపోతదేమో అనుకున్న." మామ బిస్కెట్ చాయ్‌లో ముంచాడు. "గది ఇడువు. ఆ ముక్కలు ఎటు పోయినయ్ రా?"

"చెప్పొద్దు నాయినా. మ్యాజిక్ చేసెటోడు చెప్పొద్దు."

"నాయినకు గూడనా?"

"ఎవ్వరికైనా."

నవీన్ హాస్టల్‌కు పోయాడు. మామా నేనూ నారాయణగూడ మెట్రోలో సికింద్రాబాద్ చేరి, సాయంత్రం రైలెక్కాం. దారి పొడవునా నేను మాస్టరును తిడుతూనే ఉన్నాను, నవీన్‌ను కూడా. మామ, నవీన్ తిరిగిచ్చిన కండెను మళ్లీ కాగితంలో చుట్టుకుంటూ, "ఎంత అడిగినా చెప్పలేదు సూడు. ఈ ఒక్కటి మంచిగ నేర్సుకున్నడు" అని మురిసిపోయాడు. నాకింకా కోపం చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. ఏడిపిస్తేనే కళ అనుకునేవాళ్లు బతికున్నవాళ్లను చంపుతూనే ఉంటారు, మనం టికెట్ కొని మరీ కన్నీళ్లిచ్చి వస్తాం. ముక్కల గుట్టు దాచినవాడు తండ్రిని దాచలేకపోయాడు. నాకు ఆ షోలో నచ్చిన మాయ అదొక్కటే. ఇట్లాంటి ప్రదర్శనకు వెళ్లేవాళ్లకు నా సలహా: ఇంకో టికెట్ కొనండి, కథలో ఉన్న మనిషిని వెంట తీసుకెళ్లండి, వీలైతే ముందు వరుసలోనే కూర్చోబెట్టండి.