అమ్మ విసిరిన మూట

"బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు. అది చేరిన ఎత్తు ఇచ్చాం. తొలివేగం ఎంత?" జూనియర్ కాలేజీలో ఏటా ఈ లెక్క చెబుతాను. పిల్లలు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. నాకు మాత్రం బంతి బదులు అమ్మ సద్దిగుడ్డ కనబడుతుంది.

మార్కాపురం దగ్గర పలకల గనిలో అమ్మ రాయి మోసేది. సాయంత్రం నేను ఇంటర్ కాలేజీ నుంచి వచ్చి గని అంచున నిలబడితే, ఖాళీ సద్దిగుడ్డలో బరువుకు పలక ముక్క కట్టి కింద నుంచి విసిరేది. అదొక ఆట మాకు. మూట నా భుజం దాకా లేచి, ఒక్క క్షణం ఆగినట్టయ్యేది.

"నిలబడినప్పుడే పట్టుకో పాపా, కిందికి దిగితే చెయ్యి జారతాది."

"అక్కడ వేగం సున్నా అమ్మా!" అని గొప్పలు పోయేదాన్ని.

"సున్నా తెచ్చుకొని మురుస్తావేందే!" అని నవ్వేది.

రెండో ఏడాది మూట నడుము దాకానే వచ్చింది. తర్వాత మోకాళ్ల దాకా. "ఏందమ్మా, సరిగ్గా విసురు!" అని విసుక్కున్నాను. ఆ విసుగు తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

"గుంత లోతయిందిలే పాపా, కొంచెం వంగు" అంది.

నమ్మాను. తవ్వే కొద్దీ గని లోతవుతుంది కదా. ఆమె దగ్గుతుంటే, అది కూడా గనిలో అందరికీ ఉండే దగ్గే అనుకున్నాను.

ఒక సాయంత్రం మూట అంచు దాకా రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి అమ్మ విసరలేదు, రాతికి ఆనుకొని కూలబడింది. పరుగున దిగాను. ఆమెను పట్టుకొని, మెట్టుకొకసారి ఆగుతూ పైకి తెచ్చాను. అలవాటు కొద్దీ మెట్లు లెక్కబెట్టాను. పద్దెనిమిది. చిన్నప్పుడు ఆదివారాలు సద్ది తెచ్చి దిగినప్పుడూ పద్దెనిమిదే. గని జానెడు కూడా లోతు కాలేదు. ఇన్నేళ్లూ పక్కకే తవ్వారట.

ఊపిరితిత్తుల నిండా దుమ్మే అన్నాడు డాక్టరు. అమ్మ నా పరీక్షల దాకా కూడా ఉండలేదు. ఫలితాలొచ్చినప్పుడు ఫిజిక్స్‌లో కాలేజీ ఫస్టు నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందట. ఆ సామెత నాకోసమే పుట్టింది.

ఎత్తు రోజూ నా కళ్ల ముందే తగ్గుతూ వచ్చింది. తొలివేగమంటే అమ్మ చేతిలోని సత్తువ. ఆ లెక్క నేను చేయలేదు. వంగి అందుకున్నాను, అంతే.