ఆవకాయ రోజు కట్టేసిన చెయ్యి

మే నెలలో పటమటలో మా వీధి చివరి పిండిమిల్లు ముందు నుంచి కాలేజీకి వెళ్తుంటే, ఆవపిండి ఘాటు ముక్కుకి తగిలి కళ్ళు చెమర్చేలోపే నాకు ఒంట్లో మంట పుడుతుంది. వాసన అట్టే చుట్టూ తిరక్కుండా, మెదడులో జ్ఞాపకాలకీ ఉద్వేగాలకీ సంబంధించిన భాగాలకి దగ్గరదారిన చేరుతుందని సైకాలజీ మొదటి పాఠాల్లో పిల్లలకి చెప్పేది నేనే. ఆ వాసనకి అందరికీ వేడన్నం గుర్తొస్తుందట. నాకు మాత్రం మా పెద్దమ్మ గుర్తొస్తుంది, కోపం ఏటికేడు కొత్తగానే వస్తుంది.

పెద్దమ్మంటే మా నాన్న అన్నగారి భార్య. హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో మాది ఉమ్మడి ఇల్లు, వంటింటి పెత్తనం ఆవిడది. రోహిణీకార్తె ఎండలకి పెరట్లో కాలు పెట్టలేని రోజుల్లో, పొద్దున్నే బుట్టల్లో మామిడికాయలు దిగేవి. మగవాళ్ళు టెంకతో సహా టపటపా కొడుతుంటే ఆడవాళ్ళు జీడి తీసి, ముక్కల్ని పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, ఉప్పూ కారం ఆవపిండీ వెల్లుల్లీ మెంతులూ పప్పునూనె పోసి కలుపుతుంటే, మేం పిల్లలం తాటిముంజల నీళ్ళు గడ్డాల మీద కారుతుండగా అష్టాచెమ్మా ఆడుతూనే ఒక కన్ను వంటింటి మీద వేసి ఉంచేవాళ్ళం. జాడీలకి ఎత్తేశాక ఆ పళ్ళెంలోనే వేడివేడి అన్నం వేసి, అంటుకున్న పిండీ నూనే కలిపి, చేతికొక ముద్ద పెట్టేవారు. ఏడాదంతా ఆ ముద్ద కోసం కాచుకునేవాళ్ళం.

నాది ఎడమచేతివాటం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మూడు జాడీల్లోనూ చెయ్యి పెట్టి ముక్క తీసుకున్నాను. వాటిలో ఒకటి శ్రావణమాసానికల్లా బూజు పట్టింది. "ఈ పిల్ల ఎడం చెయ్యి పెట్టిందిగా, ఇంకెందుకు నిలవుంటది" అంది పెద్దమ్మ. చెడని జాడీలు రెండున్నాయి, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మరుసటేడు ఆవకాయ రోజున పాతచీర చింపి నా ఎడమచేతిని నడుముకి కట్టేసింది. కుడిచేత్తో ముద్ద అందుకోబోతే సగం నేలపాలైంది, మా వాళ్ళంతా నవ్వారు. మా అమ్మ తల దించుకుని వెల్లుల్లి వలుస్తూ ఉండిపోయింది. ఆ పూటే అనుకున్నాను, నా చేతిలో దోషం లేదని ఎప్పటికైనా ఈవిడ నోటితోనే చెప్పించాలని.

అమ్మని బతిమాలి మిగిలిన ముక్కలు తీసుకున్నాను. అవే ముక్కలు, అదే కారం, అదే నూనె, ఒకేలాంటి రెండు గాజుసీసాలు. ఒకటి ఎడమచేత్తో, ఒకటి కుడిచేత్తో కలిపి అటకెక్కించాను. తేడా ఒక్క చెయ్యే. ఇవాళ పరిశోధన పద్ధతుల గురించి చెప్పడానికి నాకు జీతమిస్తున్నారు గానీ, తొమ్మిదేళ్ళకి అది నాకెవరూ నేర్పలేదు, కక్ష నేర్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. పదిరోజులైనా రెండు సీసాలూ నిక్షేపంలా ఉంటే, అది నా కక్షకి చాలక, కుడిచెయ్యే చెడగొట్టిందనిపించాలని కుడిచేతి సీసాలో రెండు చెంచాల నీళ్ళు పోశాను.

అది బూజు పట్టింది. రెండూ తీసుకెళ్ళి పెద్దమ్మ ముందు పెట్టి, ఏది ఏ చేత్తో కలిపానో చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"రెండూ నువ్వు కలిపినయ్యేగా. ఎడంచేతి మనిషి కుడిచేత్తో కలిపినా అంతే."

బాగున్న సీసాని కూడా కాలవలో పారబోసింది. అప్పటికి నాకు తెలియలేదు, ఏ ఫలితం వచ్చినా కూలని నమ్మకంతో ప్రయోగం పెట్టుకోకూడదని. మోసం చేసి మరీ ఓడిపోయాను. ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కి ఈ కథ చెప్పి, పెద్దమ్మ మాటని ఆవిడ గొంతుతోనే అనుకరించి, అరవై మంది చేత నవ్విస్తాను. నీళ్ళు పోసిన సంగతి మాత్రం చెప్పను.

మొన్న ఆదివారం పెద్దమ్మని చూడటానికి వెళ్ళాను. ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో కూతురి దగ్గర, అంటే మా అక్క దగ్గర, ఉంటోంది, మతిమరుపు జబ్బు, నన్ను గుర్తుపట్టలేదు. చూడటానికి వెళ్ళానన్నది మా అక్కకి చెప్పిన మాట; నిజానికి నలభై ఏళ్ళుగా దాచుకున్నదంతా కక్కేద్దామనే వెళ్ళాను. పక్కన కూర్చుని చీరపీలిక దగ్గర్నుంచి కాలవ దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా విని, నా ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పసిపిల్ల చెయ్యి కట్టేసిందా? చేతిలో ఏముంటదమ్మా, జాడీ తడిగా ఉండుంటది. ఎవరా మాయదారి మనిషి?"

నేను వినాలనుకున్నది అదే. "నువ్వే పెద్దమ్మా" అన్నాను.

"నేనెందుకు కడతాను" అని నవ్వి, కూతురి వైపు తిరిగి, "ఈ అమ్మాయెవరో పాపం ఆకలి మీదున్నట్టుంది, అన్నం పెట్టవే" అంది.

అక్క భోజనం వడ్డించింది. మా ఇళ్ళల్లో ఇప్పుడెవరూ ఆవకాయ పెట్టడం లేదు, డబ్బాలో కొన్నదే వేసింది. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని, నేను తినడం చూస్తోంది. ఆ ఏటి నుంచీ తినడానికి అలవాటైపోయిన కుడిచేతిని పక్కనపెట్టి, ఆవిడ చూస్తుండగా ఎడమచేత్తో కలుపుకుని తినాలనుకున్నాను. ముద్ద నోటిదాకా రాలేదు, మెతుకులు ఒళ్ళో రాలాయి. చెయ్యి కడుక్కొచ్చి, కుడిచేత్తో తిన్నాను.