ఇసుక మీద చెక్కదారి

ఆమెను అందరూ కుర్చీలక్క అనేవారు. పెళ్లిళ్లకు కుర్చీలు, బల్లలు అద్దెకిచ్చే కొట్టు ఆమెది. హాలు ఎంతుందో చెబితే చాలు, ఎన్ని వరసలు పడతాయో నోటిలెక్కన చెప్పేసేది.

ఆమె మేనకోడలు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని, విందు సముద్రపు ఒడ్డున పెట్టుకుంటానంది.

"స్టేజీ వద్దత్తా. వరసలూ వద్దు. వచ్చినవాళ్లు చెప్పులు విప్పేసి హాయిగా తిరుగుతారు, తింటారు."

"అందరూ ఇలాగే అంటే నా కొట్టుకి తాళమే," అని అత్త నవ్వింది.

కానీ ఆమె బెంగ వేరు. పెళ్లికూతురి తండ్రి ఆమెకు స్వయానా తమ్ముడు. ఏడాది క్రితం పక్షవాతం వచ్చి కోలుకున్నాడు. గచ్చు మీద చేతికర్రతో నడుస్తాడు గానీ, ఇసుక అనేసరికి ససేమిరా అన్నాడు.

"నలుగురిలో నన్ను మోసుకెళ్తారా అక్కా? నేను ఇంట్లోనే ఉంటా. మీరు కానిచ్చేయండి."

కూతురి ముఖం చిన్నబోయింది. "పోనీ, హాల్లోనే పెట్టేద్దాం అత్తా."

"నువ్వాగవే. ముందు నన్ను చూసి రానీ."

మర్నాడు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని ఒడ్డుకు వెళ్లింది. వేసుకుని కూర్చుందో లేదో, వెనక కాళ్లు జానెడు దిగబడి వెల్లకిలా పడింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలాయన నవ్వాపుకుని లేవదీశాడు. ఆమె విందు రోజు చెప్పి, నీళ్లు ఎంతవరకు వస్తాయని అడిగింది. ఆయన కాలిబొటనవేలితో ఇసుకలో గీత గీశాడు.

"ఆ సాయంత్రం ఇక్కడిదాకా వస్తాయమ్మా. దీనికి పైనే పెట్టుకోండి."

రోడ్డు నుంచి అక్కడికి అడుగులు లెక్కపెట్టుకుంది. నూట ఇరవై. గోడౌన్లో మూలపడిన స్టేజీ చెక్కలు తెప్పించి, దారిలా పరిపించి, పైన పాత తివాచీలు వేయించింది. విందుకు నాలుగు రోజుల ముందు నుంచే, గాలి పీల్చుకుందాం రమ్మని సాయంత్రాలు తమ్ముణ్ణి తీసుకొచ్చింది. మొదటి రోజు పది అడుగులు వేసి గొణుక్కున్నాడు. నాలుగో రోజుకు అరవై వేశాడు.

విందు నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. సరిగ్గా సగం దారిలో కాలు వణికింది. దూరాన బంధువులంతా ఇటే చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వెనక్కి తీసుకెళ్లిపోవే అక్కా."

ఆమె తన వెంట తెచ్చిన కుర్చీని చెక్క మీద వేసింది. "కూర్చో."

"ఇక్కడా? దారికడ్డంగానా?"

"ఇక్కడే. కూర్చోమంటున్నానా!"

ఆయన కూర్చున్నాడు. అది చూసి కూతురు మొగుడి చెయ్యి పట్టుకుని గబగబా వచ్చి, తండ్రి కాళ్ల దగ్గర చెక్క అంచున చతికిలబడింది. వెనకే స్నేహితులొచ్చారు. వియ్యంకుడైతే ఏకంగా ఇసుకలోనే బాసింపట్టు వేశాడు. వడ్డించేవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"చూస్తారేంటి? బల్లలు ఇటు లాక్కు రండి," అని కుర్చీలక్క కేకేసింది.

విందంతా ఆ సగం దారిలోనే జరిగింది. తమ్ముడు రెండుసార్లు వడ్డించుకు తిని, వియ్యంకుడితో పందెం కట్టి మరీ పాత పాటలు పాడాడు. చీకటి పడుతుండగా, రెండుచోట్ల ఆగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రోడ్డు దాకా నడిచాడు.

ఆ తివాచీలు ఎంత దులిపినా, వారం దాకా కొట్టునిండా ఇసుక రాలుతూనే ఉంది.