మొక్క మొలవని వాలు

మే మూడో వారం, పొద్దున ఆరున్నరకు జైసల్మేర్ అవతలి ఇసుకలో లారీ దిగాను. వీపున ఇరవై రెండు కిలోల సామాను, చేతిలో రైఫిల్. మాది చిన్నకోడూరు. ఎర్రమట్టి తెలుసు, పత్తిచేలు తెలుసు. ఇక్కడ దిక్కు చెప్పే గట్టు ఒక్కటీ లేదు.

మా పోస్టు ఒక పెద్ద ఇసుక దిబ్బ కొనకు కాస్త దిగువన, బస్తాలతో కట్టిన బంకరు. మొక్కల్ని బట్టి దారి పట్టడం మా హవల్దారు మొదటి రోజే నేర్పాడు. ఆయనది ఆ ప్రాంతమే. దిబ్బల మధ్య చదునులో గడ్డి, అక్కడక్కడా జమ్మి. గాలి తగిలే వాలు మీద పొదలు. పైకి పోయేకొద్దీ అవి పలచబడతాయి, కొన మీద ఏమీ ఉండవు. రైతుబిడ్డను కదా, అంతా వచ్చేసిందనుకున్నాను. మిడిమిడి జ్ఞానం.

నీళ్ల ట్యాంకరు దిబ్బ ఎక్కలేక చదునులోని జమ్మి కింద ఆగేది. జూన్‌లో ఒకరోజు డబ్బాలు తెచ్చే వంతు మా సిగ్నల్ జవానుది. తొగుట వైపువాడు, నాకంటే చిన్న. ఆ చెట్టుకు రోజూ దండం పెట్టేవాడు.

"దసరాకు గీ జమ్మే నీ చేతుల పెడ్త అన్నా" అనేవాడు.

వాడు తిరిగి రాకముందే, మధ్యాహ్నం రెండూ పదికి ఇసుక తుఫాను లేచింది. చేయి చాపితే వేళ్లు కనబడలేదు. ఎవరూ బయటికి పోవద్దని ఆర్డరు. బంకరులో వైర్‌లెస్ దగ్గర నేనున్నాను. వాడి వీపున ఇంకో సెట్టు.

"అన్నా, యాడున్ననో తెలుస్తలేదు. మీదికైతే ఎక్కుతున్న."

"కాళ్లకు పొదలు తగుల్తున్నయా?"

"ఒక్కటి గూడ లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే కొనకొచ్చినవ్‌రా. ఇంకింత ఎక్కు, ఆగకు."

"సరే అన్నా. ఉసికె జారుతున్నది..."

తర్వాత గరగర తప్ప ఏమీ రాలేదు. నాలుగున్నర దాకా పిలిచాను. బటన్ నొక్కడం, పిలవడం, వినడం. అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు.

గాలి తగ్గాక దిబ్బ వెనక, గాలి తగలని వాలులో దొరికాడు. నిట్టనిలువు వాలు, నిలవని ఇసుక. అక్కడ కూడా మొక్క మొలవదు. దారి తప్పి దిబ్బను చుట్టి అటువైపు నుంచి ఎక్కాడు. పొద తగలడం లేదంటే దిగిపొమ్మనాల్సింది. నేను ఎక్కమన్నాను. ఇసుక విరిగి మీద పడి, ఊపిరాడకుండా కప్పేసింది.

"వెనక వాలు సంగతి నేను చెప్పనేలేదు" అని హవల్దారు తల పట్టుకున్నాడు. నేనైనా అడగలేదు.

ఆ ఏడు సెలవు మీద సరిగ్గా దసరా నాడు ఊరు చేరాను. గడపలోనే మా తమ్ముడు కౌగిలించుకుని అలయ్ బలయ్ ఇచ్చి, పండగ బంగారమని నా అరచేతిలో జమ్మి ఆకు పెట్టాడు.

"బంగారం తీస్కో అన్నా."

గుప్పిలి మూయలేకపోయాను. "ఏమైంది?" అని వాడు అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంటి దగ్గరే ఉన్నాను. ఏటా ఎవరో ఒకరు జమ్మి పెడతారు. నాకు కనబడేది మాత్రం ఆ బోడి వాలు, ఇసుకలోంచి మూరెడు పైకి నిలిచిన వాడి సెట్టు ఏరియల్. ఆ వాలు మీద మొలిచింది అదొక్కటే.