వేలంలో గెలిచిన జామ్ సీసాలు

ఉన్న ఉద్యోగానికి ముందు రాజీనామా ఇచ్చి, ఆ తర్వాత వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్చుకోవడానికి వెళ్ళిన తెలివిగలదాన్ని నేను. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పంతొమ్మిది వందల అరవైల చివరి రోజులు. నాన్న పోయాక అమ్మా నేనూ గుంటూరు వైపు నుంచి పట్నం వచ్చి నల్లకుంటలో అద్దెకుండేవాళ్ళం. మిషన్ బడిలో టీచరుగా నాకొచ్చే జీతమే మా ఇద్దరికీ తిండీ గుడ్డా. అలాంటి ఉద్యోగాన్ని జామ్ కంపెనీ పెడతానని వదులుకున్నాను. నాకంత ధైర్యం ఇచ్చింది మా చర్చిలో జరిగే కోత పండుగ.

ఆ పండుగనాడు ఎవరింట్లో పండినదీ వండినదీ వాళ్ళు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. పట్నంలో మాకు పొలాలెక్కడివి? బజారులో కొన్న గుమ్మడికాయనే కోత అనుకుని మోసుకొచ్చేవాళ్ళు. నేను హబ్సిగూడ అవతలి తోటల నుంచి ద్రాక్షపళ్ళు తెప్పించి జామ్ చేసి, సీసాల మెడకు ఎర్ర రిబ్బన్ కట్టి తీసుకెళ్ళేదాన్ని. హాస్టల్లో చదువుకునేటప్పుడు ఒక దొరసాని నేర్పిన విద్య అది. సీసా పైకెత్తగానే ఒకటే గోల. తార్నాకలో ఉండే సంఘ పెద్దగారు ఒక పాట పాడితే ఇంకొకాయన అంతకు మించి పాడేవాడు. గెలిచినాయన సీసాను మళ్ళీ దేవునికే ఇచ్చేస్తే మళ్ళీ వేలం మొదలు. అలా ఒకే సీసా నాలుగైదు సార్లు అమ్ముడయ్యేది. చివరికి చాలావరకు పెద్దగారింటికే చేరేవి. మూడేళ్ళు వరసగా ఈ వైభోగం చూశాక, ఇంత గిరాకీ ఉన్న సరుకు చేతిలో పెట్టుకుని పిల్లలకు ఎక్కాలు చెబుతూ కూర్చోవడమేమిటి అనిపించింది.

ఆ జామ్ రుచి నాకు తెలియదు. దేవునికిచ్చేదాన్ని ముందు మనం ఎంగిలి చెయ్యకూడదని అమ్మ వేలు కూడా పెట్టనిచ్చేది కాదు. చక్కెర దొరకడమే కష్టమైన రోజులు కనుక ఇంట్లోకని విడిగా చేసుకున్నదీ లేదు.

నా రాజీనామా చదివి మా హెడ్మిస్ట్రెస్ గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆవిడా మా చర్చి మనిషే. “సోమవారం దాకా ఇది నా దగ్గరే ఉంచుతాను. ఆ తర్వాత పైవాళ్ళకు పంపక తప్పదు. బాగా ఆలోచించుకో అమ్మా,” అన్నారు. నేను బాగుపడటం ఈవిడకు ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను.

ఆ శనివారమే యూనివర్సిటీలో, కొత్తగా చిన్న పరిశ్రమలు పెట్టేవాళ్ళకు ఒక్కరోజు శిక్షణ. హాలు నిండా మగవాళ్ళే. నా పక్కన ముషీరాబాద్‌లో రేకు పెట్టెల షాపు పెట్టబోతున్న ఒకాయన కూర్చున్నాడు. పాఠం చెప్పిన కామర్స్ లెక్చరర్ అందరినీ ఒకటే అడిగాడు: “మీ సరుకు కొనేదెవరు?” నా వంతు రాగానే లేచి, కోత పండుగ వేలం సంగతంతా మా బడి పిల్లలకు చెప్పినంత వివరంగా చెప్పాను. ఒకే సీసా నాలుగైదు సార్లు అమ్ముడవుతుందని కూడా చెప్పాను.

పక్కనున్నాయన తలకాయ గోక్కుని, “అక్కా, గాళ్ళు జామ్ కొన్నరా, దేవునికి కానుక ఇచ్చిండ్రా? ముందుగాల గది తెల్వాలె గదా,” అన్నాడు. హాలంతా గొల్లుమంది.

లెక్చరర్ మాత్రం నవ్వలేదు. “మెచ్చుకున్నవాళ్ళు వేరు, అయిపోయిందని మళ్ళీ వచ్చేవాళ్ళు వేరు. లంచ్ టైములో మీ కస్టమర్ దగ్గరికి వెళ్ళి రండి మేడమ్. బాగుందా అని అడగొద్దు. ఎన్నాళ్ళకు అయిపోయింది అని అడగండి,” అన్నాడు.

రేకు పెట్టెలాయన్ని మనసులో తిట్టుకుంటూ ఎండలో తార్నాకకు నడిచాను. వీళ్ళందరి నోళ్ళూ మూయించే జవాబు తెస్తానని నా ధీమా. పెద్దగారి భార్య తలుపు తీసి, “ఎవరూ, మన టీచరమ్మే! ఇంత ఎండన పడి వచ్చావేమ్మా?” అంటూ లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

జామ్ కంపెనీ పెడుతున్నానని చెప్పి, “పోయిన పండక్కి తీసుకున్న జామ్ ఎన్నాళ్ళకు అయిపోయిందండీ?” అన్నాను.

ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నా చూపు ఆవిడ వెనక ఉన్న అద్దాల బీరువా మీద పడింది. పింగాణీ కప్పుల పక్కన ఎర్ర రిబ్బన్లతో నా సీసాలు బారుగా నిలబడి ఉన్నాయి. మూడేళ్ళవీ ఉన్నాయి. ఒక్కదాని రిబ్బన్ కూడా విప్పలేదు.

“దేవుని సొమ్ము కదమ్మా, వచ్చిపోయేవాళ్ళకు కనబడాలని అక్కడ పెట్టాం,” అంది ఆవిడ తడబడుతూ. అంతటితో ఆగినా బాగుండేది. నేను చిన్నబుచ్చుకున్నానని గబగబా ఒక సీసా తీసి, మూత కింద గాలి చొరకుండా పోసిన మైనం పెచ్చు ఊడదీసి, చెంచా గుచ్చింది. చెంచా వంగింది. ఎలాగో రెండు బ్రెడ్డు ముక్కల మీద పెట్టి, ఒకటి నాకిచ్చి ఒకటి తను తీసుకుంది.

నా జామ్ నేను తినడం అదే మొదలు. మాడిన వాసన, నాలుక పట్టేసే పులుపు. నమిలితే పంటికి చిక్కి రబ్బరులా సాగింది. ఆవిడ నా ముఖం చూస్తూ ముక్కంతా తినేసింది. “బాగుందమ్మా,” అని గ్లాసెడు నీళ్ళు తాగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “ఈ ఏడు కూడా చెయ్యి. ఎవరెంతకు పాడినా మేమే పాడుకుంటాం,” అంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

తిరిగి వెళ్ళాక లెక్చరర్ అడిగితే లేచి నిలబడి, “అయిపోలేదండీ. అసలు తెరవనే లేదు,” అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. రేకు పెట్టెలాయన కూడా నా వైపు చూడలేకపోయాడు. రుచి సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సీసాల సంగతి అమ్మకు ఎలా చెప్పాలో తెలియక ఆదివారం మామూలుగానే చర్చికి వెళ్ళాను. ఆరాధన చివర ప్రకటనల్లో పెద్దగారు లేచారు. “మన టీచరమ్మ జామ్ కంపెనీ పెడుతోంది. మన బిడ్డను మనమే నిలబెట్టుకోవాలి. ఇంటికి రెండు సీసాలైనా తీసుకునేవాళ్ళు చేతులెత్తండి,” అన్నారు. భార్య ఇంట్లో చెప్పిందన్నమాట. ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు, ఎక్కడ చూసినా లేచిన చేతులే. ధర ఎంతని గానీ, రుచి ఎలా ఉంటుందని గానీ ఒక్కరూ అడగలేదు. అమ్మ సంతోషం పట్టలేక కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ముందు వరసలో హెడ్మిస్ట్రెస్ గారి చెయ్యి కూడా లేచి ఉంది.

ఊరుకుంటే వాళ్ళంతా కొంటారు. ప్రతి నెలా కొంటారు. బీరువాల్లో దాచుకుంటారు. మా ఇద్దరి బతుకూ ఆ బీరువాల మీదే నడవాలి.

లేచి నిలబడ్డాను. “కంపెనీ పెట్టడం లేదండీ. దయచేసి చేతులు దించండి,” అన్నాను. అమ్మ నా చీర పట్టుకుని లాగింది. చేతులు ఒక్కొక్కటే దిగాయి. అవన్నీ దిగేదాకా కూర్చోలేదు.

బయటికొచ్చాక హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరికి వెళ్ళి, “ఆ కాగితం...” అని ఆగిపోయాను.

“రేపు ఫస్ట్ బెల్లుకు వచ్చెయ్. చింపేస్తాను,” అని ఆవిడ హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. “నువ్వు రాజీనామా ఇచ్చినప్పటి నుంచి నీ కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నానమ్మా.”

“నేను ఓడిపోతానని మీకు ముందే తెలుసా అండీ?”

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “మొదటి ఏడు ఒక సీసా నేనూ పాడుకున్నాను కదమ్మా. మేము దాచలేదు, తిన్నాం. దేవునికిచ్చినదానికి వంక పెట్టకూడదని ఎవరికీ చెప్పలేదు.”

ఆవిడ ముఖం చూడలేక, చెప్పులు వెతుక్కునే నెపంతో తల వంచుకున్నాను.