రోకలి పోటు, గాజుల చప్పుడు

ఆదివారం ఉదయం పొడవాటి స్క్రూడ్రైవరు కొసను మోటారుసైకిలు ఇంజను మీద పెట్టి, చెక్క పిడిని చెవి పక్కన ఎముకకు ఆనించుకుంటాను. ముందు వచ్చేది చప్పుడు కాదు, వాసన. కిరసనాయిలు, పాత గ్రీజు, వాటి వెనకాల సముద్రం చెమ్మ. పిడి మీద పైడిరాజు బాబాయ్ గారి బొటనవేలు ఏళ్ళ తరబడి అరగదీసిన చిన్న గుంట ఉంది. నా వేలు తనంతట తనే వెళ్ళి అందులో కూర్చుంటుంది. కళ్ళు మూసుకుంటే ఆయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, నేనేం చెబుతానా అని నా పెదాల వంక చూస్తున్నట్టే ఉంటుంది.

ఆయన నాకు చుట్టం కాదు. మల్కాపురంలో మేం అద్దెకున్న ఇంటి యజమాని. ఓడలు బాగుచేసే యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఓడ కడుపులోకి దిగి, ఇనప గోడల మధ్య కూర్చుని, సుత్తితో తుప్పు కొట్టే పని. ఆ పనే ఆయన చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. రిటైరయ్యాక ఎక్కడెక్కడి షెడ్లలోనో కుళ్ళిపోతున్న ఇంగ్లండు మోటారుసైకిళ్ళను ఇంటికి తెచ్చుకుని, మేడమెట్ల పక్క రేకుల షెడ్డులో ఒక్కొక్క దానికీ ప్రాణం పోసేవారు. ఇన్నాళ్ళూ తుప్పుతో కొట్లాడిన మనిషి ఇప్పుడు దాన్ని ఇంటికి పిలిచి పీట వేశాడని ఆయన భార్య పార్వతమ్మ పిన్ని వెక్కిరించేది.

మా ఆయనకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తే కాకినాడ నుంచి వచ్చి పై వాటాలో దిగాం. ఆయన షిఫ్టులకు పోతే నాకు మాట్లాడే మనిషి లేదు. ఆరేసిన బట్టల మీద రోజూ వాలే బొగ్గు దుమ్మే నాకు పలకరింపు. దానికి తోడు నేను కాస్త పడుకునే వేళకు కింద బండి స్టార్టయ్యేది. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక దెబ్బలాడదామని కిందికి దిగాను. బండి చప్పుడు ఎలాగోలా భరిస్తానండీ, కానీ దాని లోపల డబ్బాలో చింతపిక్కలు వేసి ఆడించినట్టు ఒక చప్పుడుంది చూశారూ, అది నా వల్ల కాదని గట్టిగా అరిచి చెప్పాను. ఆయనకు కోపం రాలేదు. బండి ఆపి, పక్క మూత విప్పి, లోపలి నుంచి ఊడిపోయిన ఒక నట్టు తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నాను నెల్నాళ్ళ బట్టి ఎతుకుతన్నానమ్మా దీన్ని," అన్నారు. "నీకు మేడ మీదకి ఇనిపించిందా?"

దెబ్బలాటకు వెళ్ళినదాన్ని కాస్తా టీ తాగి వచ్చాను. మర్నాటి నుంచి ఆయన చెవి నేనే అయ్యాను.

ఆయనకు లావు చప్పుళ్ళు ఇంకా వినిపించేవి. సన్నవే పోయాయి. ఆ సన్నవి నేను విని చెప్పాలి. యంత్రాల భాష నాకేం తెలుసు? వంటింటి మాటల్లో చెప్పేదాన్ని. పెట్రోలులో గాలి ఎక్కువైతే పొంగుతున్న పాలు. చెయిను వదులైతే చాటలో బియ్యం. ఇంజను కుదురుగా ఆడుతుంటే రోకలి పోటు. లోపల ఏదో పట్టు తప్పి సన్నగా కొట్టుకుంటుంటే గాజుల చప్పుడు. ఆయన వాటన్నిటినీ బుద్ధిగా నేర్చుకున్నారు. చెయ్యి పైకెత్తి "గాజులా?" అని అడిగేవారు. నేను తలూపితే ఇంజను ఆపి విప్పేవారు. నేను అంతవరకూ ఏ పనికీ అంత అవసరపడలేదు.

ఎలమంచిలిలో మూతపడ్డ బియ్యం మిల్లు షెడ్డులో దొరికింది ఇప్పుడు నేను వింటున్న ఈ ఒక్క సిలిండరు బండి. సీటు కింద కోడి పొదిగిన గడ్డి కూడా అలాగే ఉంది. అది వచ్చిన రోజు బాబాయ్ గారు అన్నం తినలేదు. యార్డులో చేరిన కొత్తలో ఆయనకు పని నేర్పిన ఫోర్‌మన్ సరిగ్గా అలాంటి బండి మీదే వచ్చేవాడట. గేటు అవతల మలుపులో ఉండగానే ఆ చప్పుడు పట్టి, కుర్రాళ్ళంతా సుత్తులు అందుకునేవారట. మిగిలిన వినికిడి కూడా ఎంతోకాలం నిలవదని డాక్టరు చెప్పి అప్పటికి కొద్ది రోజులే అయింది.

"మూసుకుపోయే లోపల ఆ సౌండు మళ్ళీ కడుపారా ఇనాలమ్మా," అన్నారు. "అంతే. ఇంకేటీ అక్కర్నేదు."

ఏడాది పట్టింది. తుప్పు వదలడానికి కిరసనాయిల్లో నానబెట్టడం, ఉప్పుగాలి తగలకుండా పిన్ని పాత చీరలు కప్పడం, యారాడ కొండ మీది మబ్బు మా మేడ దాకా దిగిన ఉదయాల్లో షెడ్డులో దీపం వేసుకుని కూర్చోవడం. ఎన్ని ఉదయాలో, ఏది ముందో ఏది వెనకో, నాకిప్పుడు కలగలిసి ఒకే పొడుగాటి ఉదయంలా ఉంటుంది. హార్బరులో ఓడ కూత వేస్తే ఆయన చేతిలో పని ఆపి తలెత్తేవారు. వినిపించిందన్న ధీమా అది.

చివరికి ఒకరోజు కిక్కు కొడితే అందుకుంది. రోకలి పోటు. నిదానంగా, బరువుగా, నేల అదిరేలా. బాబాయ్ గారు రెండు చేతులూ ట్యాంకు మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆ ముఖంలో కుర్రాడొకడు కనిపించాడు నాకు. స్క్రూడ్రైవరు ఆనించాను. పోటు వెనకాల, చాలా సన్నగా, గాజులు.

ఆయన కళ్ళు తెరిచి చెయ్యి ఎత్తారు. ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పను? రేపు చెబుదాంలే అనుకున్నాను. బాగుంది బాబాయ్ గారూ, రోకలి పోటే, అన్నాను.

ఆయన ఆ పూటే యారాడ కొండ ఎక్కారు. బండి ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది. పిస్టన్ను పట్టి ఉంచే పిన్ను పక్కకు జరిగి, సిలిండరు గోడను లోతుగా గీసేసింది. ఆయనకు దెబ్బలేం తగల్లేదు. విప్పిన సిలిండరులో వేలు పెట్టి ఆ గీతను తడుముతూ, తలెత్తకుండా అడిగారు.

"ఇన్నావు కదా?"

"విన్నానండీ."

"నాకు బాగుందని సెప్పడానికి సానామంది ఉన్నారమ్మా. ఇన్నది సెప్పేదానివి నువ్వొక్కర్తివే."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ కొలతకు సరిపడే పిస్టను దొరకడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలల్లో ఒకరోజు హార్బరులో ఓడ కూత వేసింది, ఆయన తలెత్తలేదు. నేను చేతిలో గుడ్డ పట్టుకుని అలా నిలబడిపోయాను. ఆయనకు మిగిలిన వినికిడి అంతా చప్పుడు లేని షెడ్డులో ఖర్చయిపోయింది. అలా చేసింది నా మంచి మాట. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

రెండోసారి బండి అందుకున్న రోజు ఆయన స్క్రూడ్రైవరు పిడిని పళ్ళ మధ్య పెట్టుకున్నారు. వణుకు తెలుస్తోందని సైగ చేశారు. తర్వాత దాన్ని నా చేతికిచ్చి, పీట మీద కూర్చుని నా పెదాల వంక చూశారు. నేను విన్నాను. ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాను. రోకలి పోటుంది. పోటుకీ పోటుకీ మధ్య ఊపిరి తీసుకునేంత సందుంది. ఎండుమిరపకాయలు దంచినట్టు కాదు, తడి బియ్యం దంచినట్టుంది.

"గాజులు?"

ఆయన ముఖం చూశాను. అయినా చెప్పాను. "ఉన్నాయండీ. రెండే. పైన, ఎడమ పక్క."

ఆయన నవ్వారు. బండి ఆపమనలేదు. "అలాగే సెప్తా ఉండమ్మా," అన్నారు. "నాను ఇంటన్నాను."

ఆయన పోయి మూడేళ్ళయింది. మేం ఇప్పుడు గాజువాకలో సొంతింట్లో ఉంటున్నాం. నేను బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతాను. మా పిల్లాడు ఎలా చదువుతున్నాడమ్మా అని తల్లులు ఆశగా చూసినప్పుడు, బాగానే అనే మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతుంది. నా నోరు మంచిది కాదని కొందరు అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి.

ఆదివారాలు మల్కాపురం వెళ్ళి బండి స్టార్టు చేస్తాను. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. గుమ్మంలోనే కూర్చుంటుంది. ఈ వారం వెళ్ళేసరికి ఆవిడ ముఖం వడిలిపోయి ఉంది. ఆ రోజు బాబాయ్ గారి పుట్టినరోజట. ఇంజను అందుకోగానే ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ఏటమ్మా, ఎలగుంది? బాగుందా?"

పిడి చెవికి ఆనించుకుని, నా వేలు ఆ గుంటలో పెట్టుకుని, చాలాసేపు విన్నాను.

"గాజులున్నాయి పిన్నీ," అన్నాను.

పిన్ని మోకాళ్ళు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. విప్పిన సామాన్లు పెట్టుకోవడానికి తన పాత చీర తెచ్చి నేల మీద పరిచింది.